ఫోను స్విచ్చు ఎవరి చేతిలో ఉంది?



ఈ వారం రాస్తా ఉండేది ఫోను కథ. మన సంఘం ఆఫీసులో పాత ల్యాండ్‌లైను ఉంది, దానికి తగిలించిన చిన్న ఈపీఏబీఎక్స్ పెట్టె ఉంది. రెండూ తీసేసి క్లౌడ్ ఫోనుకు మారాలా వద్దా అనేది వచ్చే సర్వసభ్య సమావేశంలో తేల్చాలని కమిటీ చెప్పింది. మన సభ్యుల్లో బట్టల అంగళ్లు, లారీ బుకింగ్ ఆఫీసులు, మెస్సులు, ప్రింటింగ్ ప్రెస్సులు నడిపేవాళ్లు కూడా ఇదే అడుగుతా ఉన్నారు. కంపెనీ ఏజెంట్లు వచ్చి నెలకింత అని ధర చెప్పి పోతారు. ధరకంటే ముందు చూడవలసింది ఇంకొకటి ఉంది. దాన్ని చరిత్ర చెప్తుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

మేము ఇంజనీర్లం కాము. రైల్వేలో గుమాస్తా పని చేసి రిటైరైనవాళ్లం. చదివింది అరవ మీడియం, తెలుగు ఇంట్లో అమ్మ నేర్పింది. కాబట్టి పెద్ద పెద్ద మాటలు రావు. ఉన్నది ఉన్నట్టు చెప్తాము.

1. ఎర్రబాలు చెట్టి వీధి

అమెరికాలో గ్రాహం బెల్ ఫోనుకు పేటెంటు తీసుకున్నది 1876లో. ఆరేండ్లు తిరగకముందే అది మన ఊరికి వచ్చింది. ఓరియంటల్ టెలిఫోన్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీకి ప్రభుత్వం 1881లో లైసెన్సు ఇచ్చింది. 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసు మూడు ఊర్లలోనూ ఎక్స్ఛేంజీలు తెరిచినట్టు ప్రకటించినారు. మద్రాసులో ఆ ఎక్స్ఛేంజి పెట్టింది జార్జిటౌనులో ఎర్రబాలు చెట్టి వీధిలో. ఈ నాడు ఆ వీధిలో నడిచేవాళ్లు ఎంతమంది ఆ పేరులో ఉన్న 'ఎర్ర'ను మన తెలుగు మాటగా గుర్తు పడతారో! మన పేరున్న వీధిలోనే ఈ ఊరి ఫోను పుట్టింది.

ఎవరికి ఫోను ఉండింది? కంపెనీలకు, పెద్ద వర్తకులకు, ఆఫీసులకు. ఇంట్లో ముచ్చట్లు చెప్పుకోవడానికి వచ్చింది కాదు అది, మొదటి నుండీ వ్యాపారం సామానే. ఫోను ఎత్తితే ఎక్స్ఛేంజిలో ఆపరేటరు పలికేవాడు. ఎవరు కావాలో చెప్తే తీగ పట్టుకుని వాళ్ల గుంతలో దూర్చి కలిపేవాడు. అంటే స్విచ్చు ఒక మనిషి చేయి. ఆ మనిషి జీతగాడు కంపెనీవాడు. 1943లో బొంబాయి, కలకత్తా, మద్రాసు ఫోన్లను ప్రభుత్వం కొనేసింది. స్విచ్చు కంపెనీ చేతి నుండి సర్కారు చేతికి వచ్చింది. వ్యాపారస్తుడి చేతికి మాత్రం రాలేదు.

2. పీనుగుల పెట్టెలు చేసే ఆయన

ఇక్కడ ఒక అమెరికా కథ చెప్పాలి. ఆల్మన్ స్ట్రోజర్ అని కాన్సస్ సిటీలో ఒకాయన ఉండినాడు. ఆయన వ్యాపారం అంత్యక్రియలు. చావు జరిగిన ఇంటివాళ్లు ఫోను చేస్తే పెట్టె, బండి, మిగిలిన ఏర్పాట్లు చూసేవాడు. ఆ ఊర్లో ఇంకొకడికి కూడా అదే వ్యాపారం. ఎక్స్ఛేంజిలో ఆపరేటరు ఆ రెండోవాడికి బంధువని, స్ట్రోజర్‌ను అడిగిన ఫోన్లను కూడా వాడికే కలుపుతుందని ఈయనకు అనుమానం. కథలో కొంత ఉప్పూ కారం తరువాతివాళ్లు చేర్చి ఉండవచ్చు. కానీ ఆయన చేసిన పని మాత్రం రికార్డులో ఉంది. మధ్యలో మనిషే లేకుండా, ఫోను చేసేవాడు నంబరు తిప్పితే యంత్రమే మెట్టు మెట్టుగా ఎక్కి కలిపే స్విచ్చుకు 1891లో పేటెంటు తీసుకున్నాడు. 1892 నవంబరు 3న ఇండియానాలో లా పోర్ట్ అనే ఊర్లో దానితో ఎక్స్ఛేంజి నడిచింది.

గమనించండి. ఆటోమాటిక్ ఫోను కనిపెట్టింది పెద్ద కంపెనీ కాదు. తనకు రావలసిన ఫోను తనకు రాలేదని కడుపు మండిన ఒక చిన్న వ్యాపారస్తుడు.

మన దేశంలో మొదటి ఆటోమాటిక్ ఎక్స్ఛేంజి 1913-14లో సిమ్లాలో పెట్టినారు, 700 లైన్లతో. స్వతంత్రం వచ్చిన వెంటనే 1948లో బెంగుళూరులో ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ మొదలుపెట్టినారు. స్ట్రోజర్ స్విచ్చులు అక్కడే తయారైనాయి. ఆ ఎక్స్ఛేంజి గదుల్లో పోతే టక టక టక అని చప్పుడు ఆగేదే కాదు.

3. ఫోను కోసం కాచుకున్న కాలం

1960 నవంబరు 25న లక్నో–కాన్పూర్ మధ్య మొదటి ఎస్‌టీడీ వచ్చింది. అంటే పొరుగూరికి కూడా ఆపరేటరు లేకుండా మనమే నంబరు తిప్పడం. అది ఊరూరికీ చేరేదానికి చాలా ఏండ్లు పట్టింది. అంతదాకా ట్రంకు కాలే గతి. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని మూడు రకాలు. అవసరం ఎంత ఎక్కువో రేటు అంత ఎక్కువ. బుక్ చేసి ఫోను పక్కనే కూర్చోవాలి.

కొత్త కనెక్షను కావాలంటే ఏండ్ల తరబడి వెయిటింగ్ లిస్టు. ఓవైటీ అని పెద్ద డిపాజిట్టు కడితే కొంచెం ముందు. అందుకే ఫోను ఉన్న అంగడికి ఒక గౌరవం. ఫోను డయలుకు చిన్న తాళం వేసి తాళంచెవి ముదలాళి నడుముకు కట్టుకునేవాడు. పనిపిల్లలు తక్కువవాళ్లా? రిసీవరు పెట్టే మీటను నంబరు ప్రకారం టక్ టక్ అని కొట్టి ఫోను కలిపేవాళ్లు. డయలు చేసేది కూడా అదే పని కదా, లైనును తెంచి తెంచి కలపడమే. తాళం డయలుకే గాని లైనుకు లేదు.

మేము 1980లలో మద్రాసులో గూడ్సు షెడ్డులో గుమాస్తాగా ఉండినాము. రైల్వేకు దాని సొంత ఫోను వ్యవస్థ ఉంది. స్టేషనుకూ స్టేషనుకూ, కంట్రోలుకూ మాట్లాడేది వేరే తీగ, ఊరి ఫోనుతో సంబంధం లేదు. ఊరి ఫోను ఆఫీసులో ఒకటే. వ్యాగన్లు వచ్చి ప్లాట్‌ఫారం మీద సరుకు దిగితే కొంత టైము దాకా ఊరికే. అది దాటితే వార్ఫేజి పడుతుంది. ఆ ఒక్క ఫోనుతో మేము గోవిందప్ప నాయకన్ వీధి వర్తకులకు సమాచారం చెప్తా ఉంటిమి. వాళ్లలో మనవాళ్లు శానామంది. ఫోను ఎత్తితే బండి వచ్చేది, సరుకు పోయేది. ఎత్తకపోతే, లైను ఎంగేజిలో ఉంటే, మరునాడు వాళ్లకు డబ్బు దండగ. ఎత్తని ఫోను విలువ ఎంతో మేము రసీదులో రాసి చూసినవాళ్లం.

4. స్విచ్చు అంగడిలోకి వచ్చింది

పెద్ద మిల్లులు, హోటళ్లు, ఆఫీసులు ముందు నుండే పీబీఎక్స్ పెట్టుకున్నాయి. అంటే ఎక్స్ఛేంజిలాంటిదే చిన్నది ఒకటి మన కట్టడంలోనే. బయట లైన్లు రెండు మూడు, లోపల ఫోన్లు ఇరవై ముప్పై. ఆపరేటరమ్మ తీగలు దూర్చి కలిపేది. చిన్న అంగడికి అది అందేది కాదు.

1984లో సీ-డాట్ మొదలైంది, శామ్ పిట్రోడా పేరు అందరికీ తెలిసిందే. 1986లో కర్ణాటకలో కిత్తూరులో వాళ్ల మొదటి పల్లె ఎక్స్ఛేంజి పని చేసింది. ఏసీ గది లేకుండా, దుమ్ములో వేడిలో నడిచే ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి మన దేశంలోనే తయారు కావడం అదే తొలిసారి. ఆ వరసలోనే ఈపీఏబీఎక్స్ పెట్టెలు కూడా దేశంలోనే చేసినారు. అవి రానురాను చిన్నవై చవకై గోడకు తగిలించే సైజుకు వచ్చినాయి. సున్నా నొక్కితే బయట లైను, రెండంకెలు నొక్కితే గోడౌను. ఎక్స్ఛేంజిలో ఉన్న స్విచ్చు మొదటిసారి అంగడి యజమాని గోడ మీదికి వచ్చింది. ఒకసారి డబ్బు కడితే పెట్టె మనది. లోపల ఎన్నిసార్లు మాట్లాడినా బిల్లు లేదు.

దాంట్లో లోపం కూడా ఉంది. పెట్టె చెడిపోతే మెకానిక్కు కావాలి. అంగడి మారితే తీగలన్నీ మళ్లీ లాగాలి. షావుకారుపేట నుండి అణ్ణానగరుకు పోతే పాత నంబరు కూడా పోయేది, నంబరు ఆ ప్రాంతం ఎక్స్ఛేంజిది కాబట్టి. మొబైలు నంబరును కంపెనీ మారినా ఉంచుకునే సౌకర్యం 2011 జనవరిలో దేశమంతా వచ్చింది. ల్యాండ్‌లైనుకు అది రాలేదు.

5. చేతిలో ఫోను, ఆకాశంలో స్విచ్చు

1995 జులై 31న బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తా నుండి ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్ రామ్‌తో మొబైలులో మాట్లాడినాడు. దేశంలో అదే మొదటి మొబైల్ కాల్ అని లెక్క. ఆ మొదటి ఏండ్లలో ఫోను వచ్చినా మనమే డబ్బు కట్టాలి. 2003లో ఇన్‌కమింగ్ ఉచితం అయిన తరువాత కూరగాయల బండివాడు కూడా మొబైలు కొన్నాడు. మిస్డ్ కాల్ ఇవ్వడం మన దేశం విద్య. 2010లో బెంగుళూరులో మొదలైన జిప్‌డయల్ అనే కంపెనీ ఆ మిస్డ్ కాల్ మీదే వ్యాపారం కట్టింది, దాన్ని 2015లో ట్విట్టర్ కొనింది.

అమెరికాలో 1999లో ఇంకొక స్ట్రోజర్ వచ్చినాడు. మార్క్ స్పెన్సర్ అని కాలేజీ కుర్రాడు. లైనక్స్ సాయం చేసే చిన్న కంపెనీ పెట్టినాడు. ఫోన్లు కలిపే పెట్టె కొనాలంటే అంత డబ్బు లేదు. కంప్యూటరునే ఎక్స్ఛేంజిగా మార్చే ప్రోగ్రాము తానే రాసి, ఆస్టరిస్క్ అని పేరు పెట్టి అందరికీ ఉచితంగా ఇచ్చినాడు. గోడ మీద ఉండే పెట్టె అప్పటి నుండి ఒక ప్రోగ్రాము అయిపోయింది. ప్రోగ్రామైతే అది మన గదిలోనే ఉండాలని లేదు. ఎక్కడో పెద్ద కంప్యూటరులో ఉండి వేయి అంగళ్లకు పని చేయవచ్చు. క్లౌడ్ ఫోను అంటే ఇంతే. మన దేశంలో హైదరాబాదులో ఓజోన్‌టెల్, బెంగుళూరులో ఎక్సోటెల్ మాదిరి కంపెనీలు ఈ పనితోనే పెరిగినాయి.

అది ఎట్లా పని చేస్తుందో చెప్తాము. కంపెనీ మనకు ఒక నంబరు ఇస్తుంది. వాడుకరి ఆ నంబరుకు చేస్తే కాల్ కంపెనీ కంప్యూటరుకు పోతుంది. అది 'తెలుగుకు ఒకటి, అరవానికి రెండు' అని మన గొంతుతోనే చెప్తుంది, తరువాత మన మొబైళ్లకు వరసగా చేస్తుంది. మొదటివాడు ఎత్తకపోతే రెండోవాడికి. ఎవరూ ఎత్తకపోతే ఆ నంబరు రాసి పెడుతుంది. ఈ రకంలో మన అంగడిలో ఇంటర్‌నెట్ లేకపోయినా పరవాలేదు, మొబైలు సిగ్నలు ఉంటే చాలు. ఇంటర్‌నెట్‌తోనే నడిచే డెస్కు ఫోను, యాప్ రకం వేరే ఉంది. దానికి నెట్ ఆగితే ఫోనూ ఆగుతుంది. ఏజెంటు ఏ రకం చెప్తా ఉన్నాడో ముందు అడగాలి.

6. మూడు పరీక్షలు

మన ఊరు ఈ వ్యవస్థలకు పరీక్ష పెట్టింది. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను. కరెంటు లేదు, చాలా చోట్ల సిగ్నలు లేదు, నెట్ లేదు. మా వీధిలో ఒక ఇంట్లో రాగి తీగ ల్యాండ్‌లైను పని చేసింది, వీధంతా అక్కడే వరసలో నిలబడినారు. కారణం సులువు. రాగి తీగ ఫోనుకు కరెంటు మన ఇంటిది కాదు, ఎక్స్ఛేంజిలో బ్యాటరీల నుండి అదే తీగలో 48 వోల్టులు వస్తుంది.

2020 మార్చిలో లాక్‌డౌను రెండో పరీక్ష. తాళం వేసిన అంగళ్లలో, ఆఫీసుల్లో ల్యాండ్‌లైన్లు మోగి మోగి ఆగిపోయినాయి. గోడ మీద పెట్టె ఉంది, ఎత్తేదానికి మనిషి లేడు. కాల్ ఫార్వర్డింగు పెట్టుకున్నవాళ్లకు కూడా ఒక నంబరుకే పోయేది. క్లౌడ్ ఉన్నవాళ్లు ఇంట్లో కూర్చుని ఆర్డర్లు తీసుకున్నారు.

మూడోది ఇప్పుడు నడుస్తా ఉంది. రాగి తీగలు పోయి ఫైబరు వస్తా ఉంది. పాత నంబరే ఉంటుంది, పాత ఫోనే ఉంటుంది, కానీ అది గోడ మీద ఉన్న మోడెములో నుండి వస్తుంది. ఆ మోడెముకు మన ఇంటి కరెంటు కావాలి. అంటే 'పాత ఫోను కరెంటు లేకపోయినా పని చేస్తుంది' అనే మాట ఫైబరుకు మారిన ఇంట్లో చెల్లదు. బ్రిటన్‌లో పాత ఫోను వ్యవస్థను 2025 డిసెంబరుకు ఆపేస్తామన్నవాళ్లు, ఒంటరి ముసలివాళ్ల అత్యవసర బటన్లు దాని మీదే ఆధారపడి ఉండినందువల్ల 2027 జనవరికి వాయిదా వేసినారు. కాబట్టి పాతదా కొత్తదా అనేది సగం తీరిపోయిన పంచాయితీ. రెండూ లోపల ఒకటే అవుతా ఉన్నాయి. మిగిలిన ప్రశ్న నంబరు ఎవరిది, స్విచ్చు ఎవరిది, కరెంటు పోతే ఏమిటి అనే మూడే.

7. ఎవరికి ఏది

ఒక్కరో ఇద్దరో నడిపే అంగడికి రెండు సిమ్ముల మొబైలు చాలు. ఒక నంబరు అంగడిది, ఒకటి ఇంటిది. క్లౌడుకు నెలనెలా కట్టే పని లేదు.

లాడ్జి, కల్యాణ మంటపం, నర్సింగు హోము మాదిరి ఒకే కట్టడంలో గది నుండి గదికి మాట్లాడే చోట ఈపీఏబీఎక్స్ ఇంకా మంచిదే. పెట్టె మనది, లోపలి మాటలకు ఖర్చు లేదు, నెట్‌తో పని లేదు.

ముగ్గురు నలుగురు తిరుగుతా పని చేసే లారీ ఆఫీసు, కేటరింగు, రిపేరు పనివాళ్లకు క్లౌడ్ లాభమే. పోయిన ఫోను ఏదో రాసి ఉంటుంది. కానీ సంతకం పెట్టేముందు నాలుగు సంగతులు రాతలో తీసుకోండి. నంబరు ఎవరి పేరు మీద ఉంటుంది, కంపెనీ మారితే మనతో వస్తుందా? మన మొబైలుకు తిప్పే ప్రతి కాలుకు నిమిషం చార్జీ ఉందా? మనుషులు పెరిగితే నెల బాడుగ ఎంత పెరుగుతుంది? రికార్డు చేసిన మాటలు ఎవరి దగ్గర, ఎంతకాలం ఉంటాయి? 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, వాడుకరి మాటలు నిలువ పెట్టేది ఇప్పుడు ఆషామాషీ కాదు.

8. మన సంఘం ఫోను

మన సంఘం వ్యాపారం కాదు. కానీ మనకూ స్ట్రోజర్ పనే ఉంది. సభ్యుల ఇంట్లో చావు జరిగితే ఫ్రీజరు పెట్టె, బండి, శ్మశానం చీటీ అన్నీ మనమే చూస్తాము. ఆ ఫోను రాత్రి రెండు గంటలకు వస్తుంది. చేసేది చాలాసార్లు ఇంట్లో ఒంటరిగా మిగిలిన ఒక అక్కో అవ్వో. ఆమె దగ్గర ఉండేది పెండ్లి పత్రికల వెనక, క్యాలెండర్ల కింద ముప్పై నలభై ఏండ్లుగా అచ్చేసిన ఆ ఒక్క ల్యాండ్‌లైను నంబరే. వాట్సాపు గ్రూపు ఆమెకు లేదు. ఆ నంబరును సరెండరు చేస్తే నెలకు కొన్ని వందలు మిగులుతాయి. కానీ ఆ రాత్రి ఆమె చేసిన ఫోను ఎక్కడికి పోతుంది?

అందుకని మా అభిప్రాయం ఇది. పాత నంబరును వదలకూడదు. దాన్ని సంఘం పేరు మీదే ఫైబరుకు మార్చి, మోడెముకు ఒక చిన్న యూపీఎస్ పెట్టాలి. పగలు ఆఫీసులో మోగనీ. రాత్రి, సెలవు దినాల్లో దాన్ని ఒక క్లౌడ్ నంబరుకు ఫార్వర్డు చేయాలి. అది వాలంటీర్లు నలుగురికి వరసగా పోవాలి. ఆ నలుగురిలో ఒకరు కోయంబత్తూరులోనో సేలంలోనో ఉండాలి, తుఫానులో మద్రాసు సిగ్నలంతా పోయినా సమాచారం ఎత్తేదానికి ఒక మనిషి దొరుకుతాడు. రికార్డు చేసిన గొంతు మన తెలుగులో, మన మాటతీరులో ఉండాలి. మొట్టమొదటి మాటే 'చావు కబురైతే ఏమీ నొక్కవద్దమ్మా, ఫోను పెట్టవద్దు, మనిషి వస్తాడు' అని ఉండాలి. చందా, మంటపం బుకింగు వగైరాలకు ఒకటి, రెండు నొక్కించుకోండి, పరవాలేదు.

గోడ మీద పెట్టెను ఇప్పుడే తీయవలసిన పని లేదు. మంటపానికీ ఆఫీసుకూ మధ్య అది నడిచినంతకాలం నడవనీ. మూడు నెలలు ఇట్లా చూసి, ఎన్ని రాత్రి ఫోన్లు వచ్చినాయి, ఎన్ని ఎత్తినాము అనే లెక్క కమిటీ బోర్డు మీద పెట్టాలి. ఆ లెక్క చూసి తరువాతి తీర్మానం చేయవచ్చు.

సమావేశానికి వచ్చేటప్పుడు ఒక పని చేయండి. మీ ఇంట్లో, పక్క ఇంట్లో ఉండే పెద్దవాళ్లను, సంఘానికి ఫోను చేయాలంటే ఏ నంబరుకు చేస్తారని అడిగి, వాళ్లు చెప్పిన నంబరు ఒక చీటీ మీద రాసుకుని రండి. వాలంటీరుగా పేరు ఇవ్వగలిగిన తమ్ముళ్లు కింద రాయండి. పొరుగూరిలో ఉండేవాళ్లకు ముందు చోటు.